ఎడమ వైపు మాటలు

పసుపు దీపం వెలిగితే ఆగాలి, ఆగడానికి వీల్లేనంత దగ్గరికి వచ్చేసి ఉంటే మాత్రం దాటిపోవాలి అని ఉంది పుస్తకంలో. అంత దగ్గర అంటే ఎంత దగ్గరో ఆ రాసిన మహానుభావుడు ఎక్కడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆవిడ అరికాళ్ళలో ఈ చెమట కొంతైనా తగ్గేది. లైసెన్సు ఆఫీసు హాల్లో కుర్చీలన్నీ ఒకే ఇనుప కమ్మీకి బిగించి ఉన్నాయి, ఆ చివర ఎవరో కాలు ఊపుతుంటే ఈ చివర ఆవిడ ఒళ్ళో పుస్తకం ఊగుతోంది, అక్షరాలు ఊగుతున్నాయి. అసలే నిన్న చదివింది ఇవాళ నిలవడం లేదు, ఇక ఊగే అక్షరాలేం నిలుస్తాయి. యాభై దాటిన మనిషి, ఒక మనవరాలికి అమ్మమ్మ, లాండ్రీలో మాసిన బట్టలు బల్ల మీద పరిచి మరకలు వెతికి వాటి చుట్టూ సుద్దతో గీత గీసే ఉద్యోగం. ఏ చొక్కా మడతలో కాఫీ చుక్క దాక్కుందో చూడగానే పసిగట్టే కళ్ళు, ఆ కళ్ళకు ఈ అరచేతి మందం పుస్తకం మాత్రం లొంగనంటోంది. రెండుసార్లు తప్పింది. ఇది మూడోసారి. మూడోసారి కూడా తప్పితే మళ్ళీ రాయడానికి ఆరు నెలలు ఆగాలని గోడ మీద అంటించిన కాగితంలో ఉంది. ఆరు నెలలు ఆవిడ ఆగగలదు. సోమవారం ఆగదు.

సోమవారం సంగతి ఇప్పుడు వద్దు, ఇప్పుడు గుర్తులు చూసుకోవాలి అనుకుని పేజీ తిప్పింది. త్రికోణం హెచ్చరిస్తుంది, వృత్తం ఆజ్ఞాపిస్తుంది, నీలం పలక సమాచారం ఇస్తుంది. ఇదొక్కటి మాత్రం మొదటిసారి చదివినప్పుడే పట్టుబడింది, ఇంట్లో ఉన్నదీ అదే కదా. ఆయన వృత్తం. వద్దు, ఆగు, ఇక్కడ తిరగకూడదు, ఇక్కడ హారన్ కొట్టకూడదు. ఆవిడ త్రికోణం. మెట్టు తడిగా ఉంది జాగ్రత్తండీ, ముందు మలుపుంది, అమ్మాయి మనసు బాగాలేదు ఇప్పుడేమీ అనకండి. కూతురు నీలం పలక. ఆసుపత్రి ఇటు, పెట్రోలు అటు, అమ్మా సోమవారం నుంచి నేను ఉద్యోగంలో చేరుతున్నా. త్రికోణాన్ని పట్టించుకోకపోతే జరిమానా లేదట, వృత్తాన్ని పట్టించుకోకపోతే ఉందట. అదీ ఇంటి సంగతే, కొత్తగా పుస్తకంలో వేసి అమ్మక్కర్లేదు. ఆవిడకు నవ్వు రాబోయింది, రాబోయి గొంతులోనే ఆగిపోయింది, ఎందుకంటే గోడ మీది తెరలో ఒక నంబరు మారి గంట మోగింది, ఆవిడది కాదు, అయినా చేతిలో చీటీ ఒకసారి చూసుకుంది.

ఆయన బయట కారులో ఉన్నాడు. అదీ అసలు వింత. ఎవరి చేతిలోంచి స్టీరింగు తీసుకోవాలని ఆవిడ ఈ పరీక్షకు వచ్చిందో ఆ మనిషే ఆవిడను స్వయంగా కారులో తెచ్చి గుమ్మం దగ్గర దించాడు. అద్దం తుడుచుకుని, సీటు సర్దుకుని, పెళ్ళికొడుకులా బయల్దేరాడు. ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. ఒక్క ప్రమాదం చేయలేదని రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఇత్తడి షీల్డు ముందు గదిలో వేలాడుతుంటుంది, వారానికోసారి దాన్ని తానే తుడుస్తాడు, ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. ఆ మనిషికి ఎడమ వైపు కనిపించదు. ఆ మాట ఆవిడ మనసులో కూడా ఇంత సూటిగా ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకుని, ఎవరైనా విన్నారేమోనని పక్కకు చూసింది. పక్క కుర్చీలో కుర్రాడు ఫోనులో మునిగి ఉన్నాడు.

కంటి డాక్టరు గదిలో తెల్లని గిన్నెలాంటి యంత్రం ఉంటుంది. ఆయన గడ్డం దాని మీద ఆనించి, లోపల ఎక్కడ చుక్క వెలిగితే అక్కడ చేతిలో బొత్తాం నొక్కాలి. ఆ రోజు ఆవిడ ఆయన వెనక స్టూలు మీద కూర్చుని ఉంది. అక్కడి నుంచి ఆవిడకు చుక్కలు కనిపించవు, బొత్తాం చప్పుడు మాత్రం వినిపించేది, టక్, టక్, మళ్ళీ టక్, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనప్పుడు ఎడమ వైపు చుక్కలు వెలిగి ఆరిపోతున్నాయని ఆవిడకు అప్పుడు తెలియదు, బొత్తాం పాడైందేమో అనుకుంది. నీటికాసులు అన్నాడు డాక్టరు. ఎడమ వైపు పక్కచూపు పూర్తిగా పోయింది, పోయింది ఇక రాదు, ఉన్నది నిలుపుకుందాం, బండి నడపడం మాత్రం ఈ రోజుతో ఆపేయండి. ఆయన బుద్ధిమంతుడైన పిల్లాడిలా అలాగే డాక్టరుగారూ అన్నాడు, చుక్కల మందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, మెట్లు దిగాడు, ఇంకో జేబులోంచి కారు తాళాలు తీశాడు. ఆవిడ నోరు తెరిచింది. తెరిచి, మూసి, ఎడమ వైపు తలుపు తీసుకుని ఎక్కింది. ఆసుపత్రి గేటు దాటుతుండగా ఎడమ నుంచి ఒక తోపుడు బండి రావడం చూసి, అబ్బ ఆ బండిమీద పువ్వులు ఎంత తాజాగా ఉన్నాయండీ అంది. ఆయన బ్రేకు నొక్కాడు. బండి వెళ్ళిపోయింది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అక్కడ మొదలైంది.

అప్పటినుంచి ఆవిడ మాట్లాడుతూనే ఉంది. చూసుకోండి అనదు, ఆగండి అనదు, ఆ మాటలు ఆయన ముందు అనడం నిలువెత్తు మనిషిని పట్టుకుని నువ్వు పొట్టి అనడమే. ఆ పచ్చకోటు ఆవిడ ఎంత దర్జాగా రోడ్డు దాటుతోందో చూశారా అంటుంది, కారు నెమ్మదిస్తుంది. ఆ వ్యాను వాడు వేసిన రంగేమిటండీ కళ్ళు పోయేలా అంటుంది, కారు కొంచెం కుడికి జరుగుతుంది. ఆ కుక్కపిల్ల ఎవరిదో ముద్దుగా ఉంది. ఆ స్కూటరు అబ్బాయి మన పక్కింటివాళ్ళ పిల్లాడిలా లేడూ. ఆవిడ ఊరుకుందంటే ఎడమ వైపు ఖాళీ అని అర్థం. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, ఒప్పందం లేదు, అయినా లాండ్రీలో ఇస్త్రీవాళ్ళూ మడతవాళ్ళూ చేతికి చేయి అందించుకున్నట్టు ఆ పని సాగిపోయింది. మా ఆవిడ పక్కనుంటే రేడియో దండగ అని చుట్టాల ముందు ఆయన నవ్వేవాడు. వసపిట్ట అని పేరు పెట్టాడు. కూతురూ అల్లుడూ నవ్వేవారు, నాలుగేళ్ళ మనవరాలు కూడా అమ్మమ్మ వసపిట్ట అని చప్పట్లు కొట్టేది. ఆవిడా నవ్వేది. నోట్లో నువ్వుగింజ నానదు ఈవిడకు అనేవారు అందరూ. వాళ్ళకేం తెలుసు, కడుపులో ఎంత పెద్ద మాట నానుతోందో.

ఇవాళ పొద్దున కూడా అంతే. పరీక్షకు వెళ్తున్న మనిషి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని పాఠం నెమరువేసుకుందామంటే కుదరదు, కళ్ళు మూస్తే ఎడమ వైపు మూసుకుపోతుంది. పుస్తకం ఒళ్ళో మూసిపెట్టి దారి పొడవునా పచ్చకోట్లూ కుక్కపిల్లలూ వర్ణించుకుంటూ వచ్చింది. చివరి మలుపు దగ్గర బడికి వెళ్ళే ఆడపిల్ల ఒకతె సైకిలు తొక్కుతూ కనిపించేసరికి వర్ణించడానికి మాట దొరకలేదు. ఎట్టకేలకు, సైకిలు బాగుంది, అంది. అప్పుడు కూడా బాగుంది అనే అంది.

సైకిలు గురించి ఆలోచించకూడదు. ముందు వెళ్ళే వాహనానికీ మనకూ మధ్య ఎంత దూరం ఉండాలి, తడి రోడ్డు మీద దానికి రెట్టింపు. కొన్నాళ్ళ కిందట, ఆ రోజు రోడ్డు తడిగానే ఉంది. అంతకుముందు ఇంట్లో గొడవైంది, పెద్ద గొడవా కాదు, కిటికీ పరదాకు ఏ రంగు అన్నదాని మీద, మధ్యలో ఆయన కూతురి ముందు మీ అమ్మకేం తెలుసు అన్నాడు. అన్నది చిన్నమాటే, రోజూ అనేదే, ఆ రోజెందుకో ముల్లులా దిగింది. కారెక్కి ఆవిడ పెదాలు బిగించి కూర్చుంది. ఏమీ తెలియనిదాన్ని, నాకెందుకు మాటలు అనుకుంది. అంత కోపంలోనూ ఆవిడకు తట్టనిది ఒక్కటే, ఆవిడ మౌనానికి ఈ కారులో వేరే అర్థం ఉందని. మందుల షాపు మలుపులో ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది, ఆ క్షణం ఆయన ఎదురుచూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టి ఖాళీ అనుకుని ఎడమకు తిప్పాడు. పసుపు వానకోటు వేసుకున్న పిల్ల, పన్నెండేళ్ళుంటాయేమో, సైకిలు హ్యాండిలుకు కారు అద్దం తగిలింది, పిల్ల ఒరిగి కాలు కింద పెట్టింది, కాలిబాట గట్టుకు ఆనుకుంది, పడలేదు. పడలేదు. పిల్ల కళ్ళూ ఆవిడ కళ్ళూ ఒక్కసారి కలిశాయి, అంతలో కారు ముందుకొచ్చేసింది. ఏమిటా చప్పుడు అన్నాడు ఆయన. ఏం లేదు, రాయి, అంది ఆవిడ. మర్నాడు పొద్దున ఎవరూ చూడకముందు వెళ్ళి, లోపలికి మడతపడిన అద్దాన్ని సరిచేసి, దాని మీద నల్లటి రబ్బరు గీత కనిపిస్తే చేతిరుమాలు తడిపి తుడిచింది. ఊరందరి మరకలకూ సుద్దతో గీత గీసే మనిషి, ఆ మరకను మాత్రం తుడిచేసింది. చాలా శుభ్రంగా తుడిచింది, పనిమంతురాలు కదా.

మళ్ళీ గంట మోగింది. ఈసారి పక్క కుర్రాడిది. వాడు లేస్తూ, ఆంటీ గుండ్రటి కూడలిలో ఎవరికి దారి వదలాలి అని గబగబా అడిగాడు. కుడి నుంచి వచ్చేవాళ్ళకి నాయనా అంది. వాడు దండం పెట్టినంత పనిచేసి వెళ్ళాడు. చెప్పాక అనుమానం వచ్చి పుస్తకం తిరగేసింది, కుడి నుంచే, అవును. ఈ పుస్తకంలో సగం కుడి నుంచి వచ్చేవాళ్ళ గురించే. కుడి వైపుతో ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. కుడి వైపు మనుషులకు ఆయన ఇప్పటికీ షీల్డు పుచ్చుకున్న డ్రైవరే.

ఇక సోమవారం రానే వచ్చింది మనసులోకి, తలుపేసినా కిటికీలోంచి వచ్చింది. కూతురు ఉద్యోగంలో చేరుతోంది. అల్లుడు తెల్లవారకముందే కంపెనీ బండిలో వెళ్ళిపోతాడు. పిల్లను బడి దగ్గర ఎవరు దించాలి అనేసరికి ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, నేనుండగా మీకెందుకే దిగులు, తాతయ్య కారులో మహారాణిలా వెళ్తుంది అన్నాడు. కూతురి ముఖం వికసించింది, నాన్నా మీరుంటే నాకు కొండంత ధైర్యం అంది. ఆ వేళకు ఆవిడ లాండ్రీలో ఉంటుంది. ఎడమ సీటు ఖాళీగా ఉంటుంది. వెనక సీట్లో ఆ పిల్ల కూర్చుని నోరు మూయకుండా మాట్లాడుతుంది, ఆవిడ పోలికే, ఆకాశంలో మబ్బు గురించీ తన బూట్ల గురించీ మాట్లాడుతుంది. ఆ మాటల్లో ఎడమ వైపు ఉండదు. ఆయన మలుపు దగ్గర ఒక క్షణం ఆగి ఎదురుచూస్తాడు, పిల్ల తన బూట్ల గురించి చెబుతుంది. ఆవిడ ఆ రాత్రి నుంచి కంటినిండా నిద్రపోలేదు.

చెప్పేయొచ్చు కదా అంటే చెప్పేయొచ్చు. కూతురితో ఒక్కమాట చాలు. కూతురు అరుస్తుంది, ఏడుస్తుంది, నాన్న మీద ఎగురుతుంది, ఇన్నాళ్ళూ నువ్వెందుకు చెప్పలేదని ఆవిడ మీదా ఎగురుతుంది, ఆ ఎగరడంలో న్యాయముంది. ఆయన లేచి వెళ్ళి ఆ షీల్డు ముందు నిలబడతాడు. అది చూడడం ఆవిడ వల్ల కాదు. అందుకే అన్నం దగ్గర ఊరికే అన్నట్టు, నేనూ కారు నేర్చుకుంటానండీ అంది. ఆయన నవ్వాడు, పొలమారేంత నవ్వాడు. నువ్వు రాత పరీక్ష పాసవ్వు చాలు, ఆ రోజే తాళాలు నీ చేతిలో పెడతా, ఆ తర్వాత నేను పక్క సీట్లో మహారాజులా కూర్చుంటా అన్నాడు. ఎగతాళికే అన్నా మాట అంటే మాటే ఆయనకు. ఆవిడ ఆ మాటను కొంగున ముడేసుకుంది. పాసైతే నేర్చుకునేవాళ్ళ లైసెన్సు ఇస్తారు, దాంతో నడపాలంటే పక్కన పక్కా లైసెన్సున్న మనిషి ఉండాలి, ఆయనకు ఉంది. ఆవిడ నడుపుతుంది, ఆయన పక్కన కూర్చుంటాడు, లాండ్రీలో వేళ మార్పించుకుంటే పొద్దున పిల్లను దించొచ్చు, డాక్టరు మాట ఎవరూ ఎత్తనక్కర్లేదు, షీల్డు గోడ మీదే ఉంటుంది. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పథకం పకడ్బందీగానే ఉంది, పరీక్ష పాసవడం ఒక్కటే తక్కువ.

మొదటిసారి కంగారులో తప్పింది, దానికేం లేదు, అడ్డదిడ్డంగా నొక్కింది. రెండోసారి ఒక్క మార్కుతో తప్పింది. ఆఫీసు కిటికీ దగ్గరి అమ్మాయి జాలిపడి తెర ఇటు తిప్పి తప్పులు చూపించింది. అందులో ఒక ప్రశ్న, చూపు బాగా తగ్గిందని వైద్యుడు చెప్పిన డ్రైవరు ఏం చేయాలి. పగటిపూట మాత్రమే నెమ్మదిగా నడపాలి అని ఒక జవాబు. పక్కన కూర్చున్నవారు చూసి చెబుతుంటే నడపవచ్చు అని ఇంకొకటి. నడపడం మానేసి లైసెన్సు ఆఫీసుకు తెలియజేయాలి అని మూడోది. ఆవిడ రెండోది నొక్కింది. ఇది ఎవరూ తప్పు చేయరమ్మా, ఇంత తేలిక ప్రశ్న అంది ఆ అమ్మాయి. ఆవిడ చదవక నొక్కలేదు. పుస్తకంలో ఆ పేజీ చూసింది, జవాబు తెలుసు, నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలిసి కూడా వేలు రెండోదాని మీదికి పోయింది, మనిషి తన ఇంటి గుమ్మంలోకి తానే మళ్ళినట్టు పోయింది. ఇవాళ ఆ ప్రశ్న రాకూడదు. వందల ప్రశ్నల్లోంచి ఇరవై తీస్తుంది ఆ యంత్రం, మళ్ళీ అదే ఎందుకు తీస్తుంది, తీయదు. తీస్తే మూడోది నొక్కాలి, అంతే, మూడోది, మూడోది. నొక్కితే ఏమవుతుంది, ఏమీ కాదు, యంత్రానికి ఆయన పేరు తెలియదు, ఎవరూ వచ్చి ఆయన్ని పట్టుకుపోరు. అయినా అది ఆయన మీద సాక్ష్యం చెప్పినట్టు ఎందుకుంది. గంట మోగింది. తెర మీద ఆవిడ నంబరే ఉంది. నమ్మలేక చేతిలో చీటీతో రెండుసార్లు పోల్చి చూసుకుంది.

పరీక్ష గదిలో బల్లల మధ్య అట్టముక్కలు అడ్డం పెట్టి ఉన్నాయి, ఎడమకూ కుడికీ ఏమీ కనిపించదు, ఎదురుగా తెర ఒక్కటే. కూర్చోగానే ఆవిడకు ఊపిరాడనట్టయింది. ఓహో, ఇలా ఉంటుందా ఆయనకు అనుకుంది. తల తిప్పితే అట్ట. పర్యవేక్షకుడు తల తిప్పొద్దమ్మా అన్నాడు. మొదటి ప్రశ్న అంబులెన్సు, దారి వదిలి పక్కకు ఆపాలి, నొక్కింది. రెండోది జీబ్రా గీతలు, నడిచేవారిదే హక్కు, నొక్కింది. పసుపు దీపం వచ్చింది, పుస్తకం మాటే నొక్కింది, ఎంత దగ్గరో ఎవరికి ఎరుక. కొండదారిలో ఎక్కేవాడికి దారివ్వాలా దిగేవాడికా, ఎక్కేవాడికి, అవునా, ఎక్కేవాడికే, బరువు మోస్తున్నవాడు ఎక్కేవాడే కదా. తెర మూలన సమయం పాలపొంగులా తరుగుతోంది, లేదు, పాలు పొంగుతాయి, తరగవు, ఏమిటీ పిచ్చి ఆలోచన, చదువు. మలుపు దగ్గర ముందున్న బండిని దాటవచ్చా, కూడదు. సైకిలును దాటేటప్పుడు ఎంత ఎడం వదలాలి. ఒక మనిషి చేయి చాచినంత ఎడం అని పుస్తకంలో ఉంది, ఆ పిల్ల చేయి చాచితే ఆవిడ బుగ్గకు తగిలేది. నొక్కింది.

తర్వాతది ఆ ప్రశ్నే. అక్షరం తేడా లేదు. వస్తుందని ఇంతసేపూ భయపడింది గనక వచ్చినప్పుడు ఆశ్చర్యం కూడా కలగలేదు, ఇంటికి వచ్చే అప్పులవాణ్ణి గుమ్మంలో చూసినట్టు చూసింది. వేలు రెండోదాని మీదికి వెళ్ళి నిలబడింది. పక్కన కూర్చున్నవారు చూసి చెబుతుంటే నడపవచ్చు. నడిచింది కదా ఇన్నాళ్ళూ అంది ఆవిడలో ఒక గొంతు, పచ్చకోట్లు, కుక్కపిల్లలు, ఎన్నిసార్లు ఆ మాటలే కాపాడాయి. కాపాడాయి, నేను మాట్లాడినంతసేపూ. నేను అలిగిన రోజు ఏం జరిగింది. నాకు జ్వరం వస్తే, తుమ్ము వస్తే, నేను లాండ్రీలో ఉంటే. చూపంటే చూపే, అది ఒకరి నోట్లో పెట్టి నడిపించేది కాదు. నేను ఆయనకు కన్నునయ్యాననుకున్నాను. కన్ను అలగదు. పసుపు కోటులో ఆ పిల్ల మళ్ళీ ఆవిడ వైపు చూసింది, భయంగా కాదు, కోపంగా కాదు, మీరు నన్ను చూశారు కదా అన్నట్టు. చూశాను తల్లీ. నేను చూశాను. ఆవిడ కళ్ళు నిండి మూడో జవాబు మసకబారింది, అయినా అది ఎక్కడుందో తెలుసు, వేలు కిందికి జరిపి నొక్కింది. యంత్రం ఏమీ అనలేదు. ఆసుపత్రి దగ్గర హారన్ కొట్టవచ్చా అని తర్వాతి ప్రశ్న అడిగింది.

పాసైంది. కిటికీ దగ్గరి అమ్మాయి గుర్తుపట్టి నవ్వింది, చూశారా అమ్మా, ఎంత తేలికో అంది. నేర్చుకునేవాళ్ళ లైసెన్సు అట్టముక్క ఇంకా వెచ్చగా ఉంది, దాని మీద ఆవిడ ఫొటోలో ఆవిడ ఏదో దొంగతనం చేసి దొరికిపోయినట్టుంది. పక్కన లైసెన్సున్నవాళ్ళు లేకుండా నడపకూడదు, మీ ఇంట్లో ఎవరున్నారు అని అడిగిందా అమ్మాయి, రోజూ అందరినీ అడిగేదే. మా వారు అని నాలుక చివరిదాకా వచ్చింది. మా అల్లుడు, అంది ఆవిడ. అని, తాను అన్నదేమిటో మెట్లు దిగుతుంటే తెలిసింది, గోడ పట్టుకుని నిలబడింది. పథకం అక్కడే ఆ కిటికీ దగ్గరే చచ్చిపోయింది. పాసైన ఆనందం ఏదో ఒక మూల ఉండే ఉంటుంది, వెతికే తీరిక లేదు.

ఆయన కారు దిగి బానెట్టుకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ ఎడమ నుంచి వస్తోంది, దగ్గరికి వచ్చేదాకా చూడలేదు. చూడలేదని తెలియనివ్వకుండా, ఎప్పటి నుంచో చూస్తున్నట్టు నవ్వాడు.

"ఏమైంది వసపిట్టా?"

"పాసయ్యానండీ."

ఆయన ముఖంలో నవ్వు ఒక్క క్షణం ఎటు వెళ్ళాలో తెలియక ఆగింది. ఆ తర్వాత నిజంగానే నవ్వాడు. జేబులోంచి తాళాలు తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, ఆ అరచేతిని తన చేత్తో మూశాడు. మాటంటే మాటే, రా, నువ్వే కూర్చో, నేను పక్కన కూర్చుని నేర్పిస్తా, మొదటి పాఠం ఇంటిదాకా అన్నాడు. ఆవిడ కోరుకున్నది అక్షరాలా అదే. కారు చుట్టూ నాలుగడుగులు వేసి కూర్చుంటే చాలు, అన్నీ అనుకున్నట్టే జరిగిపోతాయి, ఎవరూ ఎవరితోనూ ఏమీ అనక్కర్లేదు. తాళాలు ఆయన ఒంటి వేడితో వెచ్చగా ఉన్నాయి.

"పక్కన లైసెన్సున్నవాళ్ళు ఉండాలండీ," అంది.

"నాకు లేదేమిటి?"

"చూపు కూడా ఉండాలి."

అనేసింది. ఆయన కారు అద్దం వైపు చూశాడు, కుడి అద్దం వైపే. ఆవిడ తలుపులు తాళం వేసింది, తాళాలు చేతిసంచిలో అడుగుకంటా పడేసింది. బస్సులో వెళ్దాం, సాయంత్రం అల్లుడు వచ్చి కారు తెస్తాడు అని చెప్పింది, తన గొంతు తనకే కొత్తగా ఉంది. అల్లుడికి ఏం చెబుతావు అన్నాడు ఆయన. డాక్టరుగారు చెప్పిందే చెబుతాను అంది. సోమవారం నుంచి నేను లాండ్రీకి ఆలస్యంగా వెళ్తాను, పిల్లను బస్సులో దించుదాం, మనిద్దరమూ వెళ్దాం అంది. ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయాడనిపించి ఆవిడకు ఏడుపొచ్చింది, కానీ మొదలుపెట్టింది సగంలో వదిలితే మళ్ళీ మొదలుపెట్టడం తన వల్ల కాదు.

"ఆ రోజు అద్దానికి తగిలింది రాయి కాదండీ."

"ముప్పై ఏళ్ళు బండి నడిపినోణ్ణి. రాయి చప్పుడు నాకు తెలీదా."

బస్సు స్టాపు రోడ్డుకు అవతల ఉంది. ఆవిడ అలవాటుగా ఆయన ఎడమ పక్కకు వచ్చింది. రోడ్డులో మొదటి సగం ఆయనే ముందు నడిచాడు, అటు బళ్ళు కుడి నుంచి వస్తాయి, కుడి ఆయనది, చేయెత్తి ఒక స్కూటరును ఆపి మరీ దాటించాడు. రోడ్డు మధ్య గట్టు మీదికి వచ్చేసరికి ఆగిపోయాడు. ఇక్కడి నుంచి వచ్చేవన్నీ ఎడమ నుంచే. దూరంగా లారీ ఒకటి వస్తోంది, ముందు ఏవో రిబ్బన్లు కట్టుకుంది, ఆవిడ నాలుక మీద మాట తయారుగా ఉంది, ఆ లారీ వాడు ఎంత సింగారించాడో చూశారా అని. ఆవిడ ఆ మాట మింగింది. ఊరుకుంది. ఊరుకుంటే ఖాళీ అనుకుంటాడని తెలుసు, ఆయన చొక్కా చేతిని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని ఊరుకుంది. ఆయన కాలు గట్టు అంచుదాకా వెళ్ళింది. అక్కడే నిలబడింది. ఎదురుగా చూస్తూ, ఆవిడ వైపు తిరగకుండా, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎడమ వైపు ఏమైనా వస్తోందా?"

"లారీ వస్తోంది. ఆగండి," అంది ఆవిడ.

ఆయన ఆగాడు.